ఎంత బిగించి కట్టాలి?



2012 జులై 31, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట. ఢిల్లీ, లక్నో, పాట్నా, గువాహటి, అన్నిచోట్లా కరెంటు పోయింది. మెట్రో రైళ్లు పట్టాల మీదే ఆగిపోయాయి. పశ్చిమ బెంగాల్ బొగ్గు గనుల్లో లిఫ్టులు పనిచెయ్యక, పనికి దిగిన కార్మికులు దిగినట్టే లోపల ఉండిపోయారు. ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. దాదాపు 62 కోట్లమంది బతికే ప్రాంతం అది. అంతకు ముందురోజు తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు ఉత్తర గ్రిడ్ ఒక్కటే పడింది. దాన్ని పగలంతా తంటాలుపడి లేపి నిలబెట్టారు. మర్నాడు అంతకంటే పెద్దగా పడింది.

ఆ పూట హైదరాబాదులో కరెంటు ఉంది. విజయవాడలో ఉంది, చెన్నైలో ఉంది. ఉంది అంటే, ఆ రోజుల్లో మనకు అలవాటైన కోతలు పోను మిగిలింది ఉంది. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పల్లెల్లో అర్ధరాత్రి వచ్చే త్రీ ఫేజు, దానికోసం టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరకు వెళ్లడం గుర్తున్నవాళ్లు ఈ మాటకు నవ్వుకుంటారు. అయినా దక్షిణాది గ్రిడ్ పడలేదు. మనవాళ్లు బుద్ధిగా వాడుకున్నారు కాబట్టి పడలేదనుకుంటే పొరపాటే. దేశంలోని మిగతా నాలుగు ప్రాంతాల గ్రిడ్లు ఒకదానికొకటి ఒక రకంగా కట్టి ఉన్నాయి, దక్షిణం వాటితో ఇంకో రకంగా కట్టి ఉంది. అదీ కారణం. చిత్రమేమిటంటే, ఆ రోజు మనల్ని కాపాడిన కట్టును సరిగ్గా 17 నెలలకు మనవాళ్లే మార్చేశారు. మంచి పని చేశారనే నేనంటాను. ఎందుకంటానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మన ఇళ్లకు వచ్చేది ఏసీ కరెంటు. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ అంటారు. ఆ ఊపు పుట్టేది జనరేటరు తిరగడంలోంచి. ఇబ్రహీంపట్నంలోని విజయవాడ థర్మల్ కేంద్రంలోనో రామగుండంలోనో టర్బైను నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంది. 3,000ను 60తో భాగించండి, 50 వస్తుంది. జలవిద్యుత్ కేంద్రాల్లో యంత్రం అంత జోరుగా తిరగదు. కానీ దాని అయస్కాంత ధ్రువాలు ఎక్కువ, కనుక అక్కడా లెక్క 50కే తేలుతుంది. ఏసీ లైన్లతో కలిపిన యంత్రాలన్నీ, ఎన్ని వందలున్నా, ఎన్ని వందల మైళ్ల దూరంలో ఉన్నా, ఇదే లయలో తిరగాలి. ఒక కాడికి కట్టిన ఎడ్లన్నమాట. ఒకటి వెనకబడితే ఆ బరువు రెండోదాని మెడ మీదికి దానంతటదే వచ్చేస్తుంది. ఎవరూ ఫోను చేసి అడగక్కర్లేదు. ఏసీ కట్టులో ఉన్న సుఖం అది. ఒకటి కాళ్లు మడిచి కూలబడితే రెండోదాన్నీ కిందికి లాగుతుంది. అందులో ఉన్న భయం ఇది.

గ్రిడ్లో కరెంటును నిలవచేసే గాదె ఉండదు. ఈ క్షణం ఎంత వాడుతున్నామో ఈ క్షణమే అంత పుట్టాలి. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే యంత్రాల మీద బరువు పడి వేగం తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ జారుతుంది. ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది. లోడ్ డిస్పాచ్ సెంటర్లో గోడ మీద ఎర్రటి అంకెల్లో కనపడే ఆ ఫ్రీక్వెన్సీయే గ్రిడ్ ఆరోగ్యం. ఇప్పుడు అది 49.90, 50.05 మధ్య ఉండాలని నియమం. 1990లలో మన దక్షిణ గ్రిడ్ 48 చిల్లరతో ఈడ్చుకుంటూ నడిచిన రోజులు లెక్కలేనన్ని. 2003లో ఫ్రీక్వెన్సీని బట్టి ధర కట్టే పద్ధతి వచ్చింది. గ్రిడ్ నీరసంగా ఉన్నప్పుడు వాటాకు మించి లాగితే జేబుకు చిల్లు పడేలా చేశారు. అప్పుడు గాని రాష్ట్రాలు దారికి రాలేదు. నీతిబోధలతో కానిది బిల్లుతో అయింది.

సరే, రెండు గ్రిడ్లు ఒకే లయలో లేవు. ఒకటి 48.6 మీద నడుస్తోంది, ఇంకొకటి 50.2 మీద. అటునుంచి ఇటు కరెంటు కావాలి. నేరుగా కలిపితే యంత్రాలు విరుగుతాయి. ఏం చెయ్యాలి? ఏసీని తీసుకుని డీసీగా మార్చాలి. డీసీకి ఊపు లేదు, లయ లేదు. ఆ డీసీని అవతలివైపు మళ్లీ ఏసీగా, ఆ గ్రిడ్ లయకు తగ్గట్టు మార్చాలి. రెండు గ్రిడ్లకూ చుట్టరికం ఉంటుంది, ఒకరి నడక ఒకరికి అంటదు. దీన్నే హెచ్‌వీడీసీ అంటున్నాం.

దీని చరిత్రలో తెలుగు నేల పేరు మొదట్లోనే ఉంది. మన దేశంలో హెచ్‌వీడీసీని పరీక్షించి చూసిన తొలి లైను తూర్పు కనుమల్లోని లోయర్ సీలేరు జలవిద్యుత్ కేంద్రం నుంచి బస్తర్ అడవుల్లోని బార్సూరుకు వేసినది. 196 కిలోమీటర్లు. బార్సూరు అప్పట్లో మధ్యప్రదేశ్, ఇప్పుడు ఛత్తీస్‌గఢ్. కొత్త లైను కూడా కాదది, ఉన్న 220 కిలోవోల్టుల ఏసీ లైనునే డీసీకి మళ్లించారు. 1980ల చివర స్వదేశీ పరిజ్ఞానంతో చేసిన ప్రయోగం. సైజు చిన్నదే, 100 మెగావాట్లతో మొదలైంది. కానీ మన ఇంజనీర్లు చేతులు కాల్చుకుని నేర్చుకున్నది అక్కడే. ఆ కాలంలోనే, 1989లో, ఉత్తర, పశ్చిమ గ్రిడ్ల మధ్య వింధ్యాచల్‌లో 500 మెగావాట్ల స్టేషను వచ్చింది.

మనకు సంబంధించినంతవరకు మూడు ద్వారాలు తెరుచుకున్నాయి. మొదటిది 1990ల చివర మహారాష్ట్రలోని చంద్రపూర్ దగ్గర భద్రావతిలో. అక్కడ 1,000 మెగావాట్ల స్టేషను కట్టి, చంద్రపూర్ వైపునుంచి రామగుండానికి కరెంటు తేవడం మొదలెట్టారు. రెండోది మన విశాఖపట్నం గాజువాకలో. ఒడిశాలోని జయపూర్ నుంచి 400 కిలోవోల్టుల ఏసీ లైను గాజువాక దాకా వస్తుంది. అక్కడ ఒకే ఆవరణలో ఈ గోడకివతల ఏసీ డీసీ అవుతుంది, ఆ గోడకవతల డీసీ మళ్లీ ఏసీ అవుతుంది. మధ్యలో డీసీ ప్రయాణం చేసే దూరం కొన్ని మీటర్లే. ఇలాంటి స్టేషన్లను బ్యాక్ టు బ్యాక్ అంటారు. 1999లో 500 మెగావాట్లు, 2005లో ఇంకో 500. గాజువాక అంటే స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు దారి అనే గుర్తొస్తుంది అందరికీ. తూర్పు భారతం, దక్షిణ భారతం విద్యుత్ పరంగా కరచాలనం చేసుకున్న చోటు కూడా అదే.

మూడోది పెద్దది, 2003 నాటిది. ఒడిశా తాల్చేరు బొగ్గు గనుల దగ్గర ఎన్టీపీసీ ప్రత్యేకంగా దక్షిణాది రాష్ట్రాల కోసం 2,000 మెగావాట్లు కట్టింది. అక్కడినుంచి కర్ణాటకలోని కోలార్ దాకా దాదాపు 1,370 కిలోమీటర్లు, ప్లస్ మైనస్ 500 కిలోవోల్టుల డీసీ లైను. ఆ లైను మన రాష్ట్రం మీదుగానే పోతుంది. పొలాల్లో టవర్ చూసి అది డీసీ లైనో కాదో గుర్తుపట్టడం తేలిక. ఏసీ టవరుకు తీగల గుత్తులు మూడో ఆరో ఉంటాయి, డీసీ టవరుకు ఆ చెయ్యి మీద ఒకటి, ఈ చెయ్యి మీద ఒకటి, రెండే.

కన్వర్టర్ స్టేషనులో చూడదగ్గ చోటు వాల్వ్ హాలు. సినిమా హాలంత ఎత్తుంటుంది, కిటికీలు ఉండవు. లోపల అరచేతి వెడల్పున్న సిలికాన్ బిళ్లలు, థైరిస్టర్లు, వందల సంఖ్యలో ఒకదాని వెంట ఒకటి పేర్చి ఉంటాయి. చాలా స్టేషన్లలో ఆ అంతస్తుల దొంతర నేలమీద నిలబడదు, పైకప్పు నుంచి వేలాడుతుంది. భూకంపం వచ్చినా ఊగి ఊరుకుంటుంది గాని విరిగిపడదు. ఒక్కో బిళ్లకు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది గాజుతీగలోంచి వచ్చే కాంతి. రాగితీగతో చెబుదామంటే లక్షల వోల్టులు దాని వెంటే కంట్రోల్ రూములోకి దిగివస్తాయి మరి. వేడిని లాక్కుపోవడానికి లవణాలన్నీ తీసేసిన నీళ్లు సన్నటి గొట్టాల్లో తిరుగుతుంటాయి. చార్జింగులో ఉన్నప్పుడు ఆ హాల్లోకి మనిషి వెళ్లడు. వెళ్లాలన్నా తాళం రాదు. లైను ఆపి, ఎర్త్ చేస్తేనే తాళంచెవి బయటికొచ్చే ఏర్పాటు ఉంటుంది.

ఇప్పుడు 2012 జులైకి వద్దాం. ఆ పతనం ఎక్కడ మొదలైందో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. పశ్చిమం నుంచి ఉత్తరానికి కరెంటు పోయే ముఖ్యమైన దారి మధ్యప్రదేశ్‌లోని బీనా నుంచి గ్వాలియర్ మీదుగా ఆగ్రాకు. అందులో ఒక సర్క్యూటును 765 కిలోవోల్టులకు పెంచే పనికోసం షట్‌డౌన్ తీసుకున్నారు. బరువంతా మిగిలిన 400 కిలోవోల్టుల సర్క్యూటు మీద పడింది. దానికి కాపలాగా డిస్టెన్స్ రిలే అని ఒకటుంటుంది. అది వోల్టేజిని కరెంటుతో భాగించి చూస్తుంటుంది. లైను మీద చెట్టుకొమ్మో మరొకటో పడి షార్ట్ అయితే కరెంటు ఎగబాకుతుంది, వోల్టేజి పడిపోతుంది, భాగఫలం చిన్నదవుతుంది. అంటే దగ్గర్లో ఎక్కడో ఫాల్టు ఉందని అర్థం. వెంటనే లైను విడగొట్టేస్తుంది. ఆ రాత్రి లైను మీద ఏ ఫాల్టూ లేదు. లోడు మరీ ఎక్కువై కరెంటు పెరిగింది, వోల్టేజి దిగింది, భాగఫలం చిన్నదైంది. రిలే దాన్నే ఫాల్టు అనుకుని, తన పని తాను చేసింది. లైను ట్రిప్పయింది. దాని మీద పోతున్న కరెంటు తూర్పు మీదుగా చుట్టుదారి పట్టింది. ఆ దారీ మొయ్యలేకపోయింది. లైను వెంట లైను పడుతూ, క్షణాల్లో ఉత్తరం మిగతా దేశం నుంచి తెగి, 36,000 మెగావాట్ల లోడుతో సహా మునిగింది. మర్నాడు మధ్యాహ్నం మొదట ట్రిప్పయింది మళ్లీ అదే బీనా గ్వాలియర్ లైను. ఈసారి పోయిన లోడు 48,000 మెగావాట్లు.

తూర్పు పడేసరికి అటునుంచి మనకు వచ్చే కరెంటుకు దెబ్బ తగిలింది. దక్షిణంలో ఫ్రీక్వెన్సీ జారింది. ఫ్రీక్వెన్సీ ఒక గీత దాటి దిగితే వాటంతటవే కొన్ని ఫీడర్లను కోసేసే రిలేలు ఉంటాయి, అవి కోశాయి. డీసీ స్టేషన్లు తమ మీద పోయే కరెంటును వెంటనే సర్దాయి. మనకు కొంత లోటు వచ్చింది, అంతే. అవతలి గ్రిడ్ ఊగిసలాట మాత్రం వాల్వ్ హాలు దాటి ఇటు రాలేదు.

ఇంత చక్కగా కాపాడిన కట్టును వదిలి, 2013 డిసెంబరు 31 రాత్రి దక్షిణ గ్రిడ్‌ను ఏసీతో కలపడం ఎందుకు? కన్వర్టర్ స్టేషన్ ఎంత చెబితే అంతే ఇస్తుంది. 500 అని పెడితే 500. ఇటు ప్రాణం పోతున్నా, ముందే నేర్పి ఉంచితే తప్ప తనంతట తాను 501వ మెగావాటు ఇవ్వదు. పైగా మూడు ద్వారాలూ కలిపి 4,500 మెగావాట్లు. మన దక్షిణాది డిమాండు అప్పటికే 30,000 దాటింది. పవర్ ఎక్స్‌ఛేంజిలో ఆ రోజుల్లో దేశానికంతటికీ ఒక ధర, దక్షిణానికి ఇంకో ధర. మధ్యభారతంలో కొనేవాళ్లు లేక యంత్రాలు తగ్గించి నడుపుతుంటే, అదే గంటలో మనవాళ్లు రెట్టింపు పెట్టి కొన్నా దొరికేది కాదు. కరెంటు ఉంది, డబ్బుంది, దారి లేదు. కన్వర్టర్ స్టేషన్లే ఇంకా కడదామంటే అవి మహా ఖరీదైన సరుకు.

జపాన్‌ది ఇంతకంటే పాత కథ. 19వ శతాబ్దం చివర టోక్యో వాళ్లు జర్మనీ నుంచి 50 హెర్ట్జ్ యంత్రాలు తెచ్చుకున్నారు, ఒసాకా వాళ్లు అమెరికా నుంచి 60 హెర్ట్జ్ యంత్రాలు తెచ్చుకున్నారు. ఆ రెండూ నేటికీ కలవలేదు. 2011లో సునామీకి ఫుకుషిమా పోయి తూర్పు జపాన్ చీకట్లో మగ్గితే, పశ్చిమ జపాన్ దగ్గర కరెంటు ఉండి కూడా పంపలేకపోయింది. మధ్యనున్న కన్వర్టర్లన్నీ కలిపి వెయ్యి మెగావాట్లకు కాస్త అటూ ఇటూ. పెద్ద ఆపద వచ్చినప్పుడు చెయ్యి అందాలంటే కట్టు బిగువుగా ఉండాల్సిందే. 2012 నుంచి మనం నేర్చుకోవాల్సింది విడిగా ఉండడం కాదని, రిలేల సెట్టింగులు, షట్‌డౌన్ల ప్రణాళిక సరిచూసుకుని మరీ కలవడమని అధికారులు గ్రహించారు. ఆ పాఠాన్ని తిరగేసి చదువుకుని భయపడి కూర్చోవడం తేలికగా జరిగి ఉండేది.

కలిపిన లైను రాయచూరు, షోలాపూరుల మధ్య 765 కిలోవోల్టులది. రాయచూరు మనకు పరాయి ఊరేం కాదు, కృష్ణ దాటితే మహబూబ్‌నగర్ సీమ. రెండు గ్రిడ్లను కలపడం స్విచ్చి వేసినంత తేలిక కాదు. బ్రేకరుకు ఇటూ అటూ మూడు సరిపోవాలి. వోల్టేజి సమానం కావాలి, ఫ్రీక్వెన్సీ దాదాపు సమానం కావాలి, రెండు తరంగాలూ ఒకే క్షణంలో శిఖరానికి చేరాలి. పవర్ హౌసుల్లో పనిచేసినవాళ్లకు సింక్రోస్కోపు తెలుసు. గడియారం లాంటి ముఖం, ఒకే ముల్లు. తేడా ఉన్నంతసేపూ ముల్లు తిరుగుతూనే ఉంటుంది. తేడా ఎంత తక్కువైతే అంత నెమ్మదిస్తుంది. అది మెల్లగా ఎగబాకి పన్నెండు దగ్గరకు రాబోతుండగా బ్రేకరు మూయాలి. ఒక యూనిట్ను గ్రిడ్‌కు కలపడానికే చేతులు చెమర్చే పని ఇది. ఆ రాత్రి ఒకవైపున్నది యావత్తు దక్షిణ భారతం.

కలిసింది. దేశమంతటికీ ఒకే ఫ్రీక్వెన్సీ. తూర్పు, ఈశాన్యం 1991లో కలిశాయి, పశ్చిమం 2003లో, ఉత్తరం 2006లో, ఆఖరున దక్షిణం. దీని ఫలితం ఒక్క ఉదాహరణతో చెబుతాను. అదే 2013లో కూడంకుళం మొదటి యూనిట్ గ్రిడ్‌కు కలిసింది. 1,000 మెగావాట్ల యంత్రం. అది ఒక్కసారి ట్రిప్పయితే ఒంటరి దక్షిణ గ్రిడ్ ఊపిరాడక కొట్టుకునేది, ఊళ్లకు ఊళ్లు కోయాల్సి వచ్చేది. కలిశాక, ఆ లోటు కచ్ నుంచి అరుణాచల్ దాకా తిరుగుతున్న యంత్రాలన్నీ తలా పిసరంత పంచుకుంటాయి.

ఇంత పెద్ద గ్రిడ్ను మొదట్లో ఇంత సన్నటి లైనుతో కలిపినందుకు కొన్ని నెలలు గుండె చిక్కబట్టుకునే ఉన్నారు. రెండు పెద్ద గ్రిడ్లు ఒకే లైను మీద ఒకదానికొకటి నెమ్మదిగా ఊగడం మొదలెట్టాయి. కొన్ని సెకన్లకు ఒక ఊపు. పాత పద్ధతిలో కంట్రోల్ రూముకు వచ్చే లెక్కలు కొన్ని సెకన్లకు ఒకసారే అందుతాయి కనుక వాటిలో ఈ ఊపు కనపడనే కనపడదు. కనిపెట్టినవి ఫేజర్ మెజర్‌మెంట్ యూనిట్లు. ఉపగ్రహ గడియారంతో వేళ ముద్ర వేసి, సెకనుకు 25 సార్లు వోల్టేజి కోణాన్ని కొలిచి పంపుతాయి. రామగుండంలో తరంగం, షోలాపూర్‌లో తరంగం, ఒకే క్షణాన ఒకదానికొకటి ఎంత ముందు వెనకలో ఉన్నాయో తెర మీద కనపడుతుంది. నన్నడిగితే గత ఇరవై ఏళ్లలో గ్రిడ్‌కు వచ్చిన అసలైన కొత్త కన్ను ఇదే. జనరేటర్ల దగ్గర స్టెబిలైజర్లను సరిచేశారు. లైను తెగితే ఎక్కడ ఎంత లోడు కోయాలో ముందే రాసిపెట్టి, యంత్రాలే చేసేలా ఏర్పాటు పెట్టారు. కొన్ని నెలలకు రెండో సర్క్యూటు వచ్చింది. ఆ తర్వాత వార్ధా నుంచి నిజామాబాదు మీదుగా మహేశ్వరానికి, అంగుల్ నుంచి శ్రీకాకుళం మీదుగా వేమగిరికి, వరోరా నుంచి వరంగల్ మీదుగా కర్నూలు వైపుకు 765 కిలోవోల్టుల లైన్లు పడ్డాయి. సన్నటి తాడు పలుపైంది.

దాని సత్తా 2020 ఏప్రిల్ 5న తెలిసింది. కరోనా లాక్‌డౌన్‌లో రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలార్పమని ప్రధాని పిలుపిచ్చారు. లోడు 12,000 నుంచి 14,000 మెగావాట్ల దాకా తగ్గుతుందని అంచనా. తగ్గింది 31,000 పైచిలుకు! అంచనా వేసినవాళ్లు మన జనం ఉత్సాహాన్ని తక్కువ లెక్కగట్టారు. జలవిద్యుత్ కేంద్రాలను ముందే పూర్తిగా ఎత్తి ఉంచి, దీపాలారుతుంటే దించారు, వెలుగుతుంటే మళ్లీ ఎత్తారు. ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 మధ్య ఊగి సర్దుకుంది. ఐదు ముక్కలుగా ఉన్న దేశంలో ఆ రాత్రి ఎలా గడిచేదో ఊహించుకోవచ్చు. ఇప్పుడు ఆటోమేటిక్ జనరేషన్ కంట్రోల్ అని ఢిల్లీలోని జాతీయ కేంద్రం నుంచి ప్రతి 4 సెకన్లకు విద్యుత్ కేంద్రాలకు సంకేతం వెళ్తుంటుంది, ఇంత పెంచు, ఇంత తగ్గించు అని.

ఏసీతో బిగించి కట్టాక ఇక డీసీ అక్కర్లేదనుకుంటాం. అక్కడే ఈ కథలో నాకు నచ్చిన మలుపు ఉంది. ఏసీ నెట్‌వర్కులో కరెంటు మనం చెప్పిన దారిన పోదు, నిరోధం తక్కువున్న దారిన పోతుంది. ఒక లైను ఖాళీగా ఉంటుంది, పక్కది పొంగిపొర్లుతుంటుంది. బీనా గ్వాలియర్ మీద పడ్డది ఆ పొంగే. డీసీ లైను మాత్రం చెప్పిన మాట వింటుంది. ఇంత అంటే ఇంతే, ఇటు అంటే ఇటే. అందుకని ఏసీ గ్రిడ్ మీదుగా డీసీ మహామార్గాలు వేశారు. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నుంచి తమిళనాడులోని పుగళూరుకు ప్లస్ మైనస్ 800 కిలోవోల్టులు, 6,000 మెగావాట్లు, 1,700 కిలోమీటర్లకు పైన. ఇది కూడా తెలుగు రాష్ట్రాల మీదుగానే దక్షిణానికి దిగుతుంది. అంతకుముందే అస్సాంలోని బిశ్వనాథ్ చారియాలి నుంచి ఆగ్రాకు ఇలాంటిదే వేశారు, దానికి దారిలో అలీపూర్‌దువార్ దగ్గర ఇంకో స్టేషను కలుస్తుంది. డీసీకి ఇలా మధ్యలో కొమ్మ కలపడం చిన్న విషయం కాదు. ఏసీ కరెంటు ప్రతి ఊపులోనూ రెండుసార్లు సున్నాకు వస్తుంది, బ్రేకరు ఆ క్షణం చూసి తెంపుతుంది. డీసీ సున్నాకు రానే రాదు.

పుగళూరు నుంచి కేరళలోని త్రిస్సూరుకు వేసిన 2,000 మెగావాట్ల లైను 2021లో వచ్చింది. అది వేరే తరం. థైరిస్టర్‌కు తెరుచుకోమని చెప్పగలం, మూసుకోమని చెప్పలేం. అవతలి ఏసీ గ్రిడ్ బలంగా ఉండి తనను మూయాలి. గ్రిడ్ నీరసంగా ఉంటే ఆ స్టేషను కూడా తడబడుతుంది, గ్రిడ్ చచ్చి ఉంటే ఏమీ చెయ్యలేదు. త్రిస్సూరులో వాడిన ట్రాన్సిస్టర్లకు తెరవడం, మూయడం రెండూ వచ్చు. కావలసిన తరంగాన్ని తామే చెక్కుకుంటాయి. అవతల చీకటిగా ఉన్నా మొదటి ఊపు తామే పుట్టించి గ్రిడ్‌ను లేపగలవు. సౌర విద్యుత్ పెరిగేకొద్దీ దీని అవసరం పెరుగుతుంది. ఎందుకంటే సోలార్ పలకల్లో తిరిగే చక్రం లేదు, దెబ్బ తగిలినప్పుడు ఓర్చుకునే బరువు లేదు. మధ్యాహ్నం కర్నూలు సోలార్ పార్కు, కర్ణాటక పావగడ పార్కు కుమ్మరించేది సాయంత్రం ఆరింటికి మాయమవుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ఎన్.పి. కుంటలో వోల్టేజిని క్షణాల్లో సర్దే స్టాట్‌కామ్ పెట్టింది ఇందుకే. పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి రాత్రి వదిలే 1,680 మెగావాట్ల కేంద్రం కట్టిందీ ఇందుకే.

ఒక్క తేదీ చెప్పి ముందుకెళ్తాను. 2025 ఫిబ్రవరి 9, ఆదివారం. ఆ రోజు ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా మూడు చిన్న దేశాలు, సోవియట్ కాలం నుంచి ఉన్న రష్యా గ్రిడ్ నుంచి ముందురోజే తెంచుకుని, ఐరోపా గ్రిడ్‌తో సింక్రనైజ్ అయ్యాయి. అదే రోజు శ్రీలంకలో పానదుర సబ్‌స్టేషనులో ఒక కోతి పరికరాల మీదికెక్కింది. దేశమంతా కరెంటు పోయింది. పక్కనుంచి ఆసరా ఇచ్చే లైను ఒక్కటీ లేని ద్వీపం అది. భారత్, శ్రీలంకల మధ్య సముద్రగర్భ డీసీ లైను వేద్దామన్న మాట ఎన్నో ఏళ్లుగా నలుగుతూనే ఉంది. బంగ్లాదేశ్‌కు మాత్రం భేడామారా దగ్గర బ్యాక్ టు బ్యాక్ స్టేషను ద్వారా 2013 నుంచే కరెంటు పోతోంది.

త్రిస్సూరు లైను గురించి ఒక మాట మిగిలింది. ఆ లైను తమిళనాడులో టవర్ల మీద వస్తుంది, కేరళలోకి వచ్చాక కొంతదూరం భూమిలోకి దిగి కేబులుగా, రోడ్ల వెంట పోతుంది. అక్కడ ఇళ్లు, తోటలు దగ్గరదగ్గరగా ఉంటాయి, టవర్లకు జాగా దొరకలేదు. కేబులు ఖర్చు తీగ ఖర్చుకు ఎన్నో రెట్లు, అయినా పెట్టారు. మన మెట్టపొలాల్లో ఆ బాధ లేదు, టవర్లే. పొలంలో టవరు పాతే అధికారం ఎక్కడినుంచి వస్తుందో చాలామంది రైతులకు తెలియదు. 2003 విద్యుత్ చట్టం కింద ప్రభుత్వం లైను వేసే సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు ఇవ్వొచ్చు. తెల్లదొరలు తంతి స్తంభాలు పాతుకోవడానికి రాసుకున్న చట్టం. దాని ప్రకారం భూమి కొనక్కర్లేదు, జరిగిన నష్టానికి పరిహారం ఇస్తే చాలు. చాలాకాలం ఆ నష్టం అంటే ఆ ఏటి పైరు, కొట్టిన చెట్లు. 2015లో కేంద్రం టవరు కింద భూమి విలువలో 85 శాతం ఇవ్వమని మార్గదర్శకాలిచ్చింది. 2024లో దాన్ని 200 శాతానికి పెంచింది, తీగల కింద పడే నేలకు 30 శాతం ఇవ్వమంది. అవి మార్గదర్శకాలే. అమలు చెయ్యాల్సింది రాష్ట్రాలు, ధర కట్టాల్సింది రెవెన్యూ అధికారులు. రిజిస్ట్రేషన్ విలువకు కడతారా, బజారు విలువకు కడతారా అన్న దగ్గరే పేచీ అంతా. మీ పొలం మీదుగా సర్వే బృందం వస్తే సంతకం పెట్టేముందు తాసిల్దారు ఆఫీసులో అడగవలసిన మొదటి ప్రశ్న అదే.